మావో చీ-క్వో బల్ల మీదికి మూడుసార్లు వచ్చిన రైలు ఫైలు

ముందు పేరు సంగతి తేల్చుకుందాం. తైవాన్ మాజీ ప్రధాని మావో చీ-క్వో పేరు వినగానే ఎవరికైనా చైనా మావోయే గుర్తొస్తాడు. ఇద్దరి ఇంటిపేరూ ఒకటే, చైనా లిపిలో రాసే అక్షరమూ ఒకటే. ఈయన పుట్టింది 1948లో, చెజియాంగ్ రాష్ట్రంలోని ఫెంగ్‌హువాలో. ఆ మావో చేతిలో ఓడిపోయి తైవాన్ చేరిన చియాంగ్ కై-షేక్‌ది కూడా ఆ ఊరే. ఇంటిపేరు ఒకరిది, ఊరు ఆయన శత్రువుది. తమాషా అక్కడితో సరి. మన మావో రాజకీయ వక్త కాదు, విప్లవకారుడు అంతకన్నా కాదు. సివిల్ ఇంజనీరు. తైవాన్‌లో డిగ్రీ, థాయ్‌లాండ్‌లోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో మాస్టర్స్, 1982లో అమెరికాలోని ఎమ్ఐటీ నుంచి డాక్టరేట్.

ఆ తర్వాత ఉద్యోగాల వరస ఇదీ: పర్యాటక బ్యూరో అధిపతి, హైస్పీడ్ రైలు సన్నాహక కార్యాలయం అధిపతి, 1993 నుంచి 2000 దాకా రవాణా శాఖలో ఉప మంత్రి, ఆపైన చుంగ్‌హ్వా టెలికాం చైర్మన్, కొన్నేళ్లు యూనివర్సిటీలో మేనేజ్‌మెంట్ పాఠాలు, 2008లో రవాణా మంత్రి, 2013లో ఉప ప్రధాని, 2014 డిసెంబరులో ప్రధాని. బయోడేటాలా చదివితే మెట్టు మీద మెట్టు ఎక్కిన ఆఫీసరు కథే, ఆవలింత కూడా రావచ్చు. కానీ తైపే నుంచి కావోష్యుంగ్ వెళ్లే హైస్పీడ్ రైలును పక్కన పెట్టుకుని చదివితే కథ మారిపోతుంది. ఆ రైలు ఫైలు పాతికేళ్లలో మూడుసార్లు ఆయన బల్ల మీదికి వచ్చింది. మొదటిసారి పథకంగా, రెండోసారి అప్పుల కుప్పగా, మూడోసారి దివాలా నోటీసు అంచున.

మన అలవాటుతో చూస్తే ఒక విషయం అర్థం కాదు. ఎన్నికల్లో నిలబడని ఇంజనీరు మంత్రి ఎలా అయ్యాడు? మన దగ్గర మంత్రి అయిన ఆరు నెలల్లో ఏదో ఒక సభకు ఎన్నిక కావాలి. తైవాన్‌లో లెక్క తలకిందులు. శాసన సభ్యుడిగా ఉన్నవాడు ప్రభుత్వ పదవి పట్టకూడదని వాళ్ల రాజ్యాంగమే చెబుతుంది. మంత్రి కావాలంటే సభలో సీటు వదులుకోవాల్సిందే. ప్రధానిని కూడా అధ్యక్షుడే నియమిస్తాడు. 1997 సవరణ తర్వాత అందుకు సభ ఆమోదం కూడా అక్కర్లేదు. అందుకే అక్కడ ప్రొఫెసర్లు, ఇంజనీర్లు, ప్రభుత్వ కంపెనీల చైర్మన్లు మంత్రి కుర్చీలోకి వస్తుంటారు, పోతుంటారు. ఈ ఏర్పాటుకు ఇంకో వైపు ఉంది. ఓట్లతో వచ్చిన బలం లేదు కాబట్టి, ఏదైనా తేడా వస్తే ముందు తెగేది ఆ మంత్రి మెడే. 2018 అక్టోబరులో పుయుమా రైలు పట్టాలు తప్పి 18 మంది పోయాక వూ హుంగ్-మో, 2021 ఏప్రిల్‌లో తరోకో రైలు ప్రమాదంలో 49 మంది పోయాక లిన్ జియా-లుంగ్ రవాణా మంత్రి పదవి వదిలి వెళ్లారు.

ఆ కుర్చీ బరువు కూడా ఎక్కువే. పేరుకు రవాణా, సమాచార శాఖ. మావో మంత్రిగా ఉన్న రోజుల్లో రైళ్లు, హైవేలు, విమానాశ్రయాలు, రేవులతో పాటు పోస్టాఫీసు, పర్యాటకం, ఆఖరికి వాతావరణ కేంద్రం కూడా దాని కిందే ఉండేవి. తుఫాను ఎటు వెళ్తుందో అంచనా తప్పినా తిట్లు రవాణా మంత్రికే.

సున్నా అనే అంకె

తైవాన్ పడమటి తీరం ఇరుకైన మైదానం. ఊళ్లు, ఫ్యాక్టరీలు, జనం దాదాపు అంతా అక్కడే. ఉత్తరాన తైపే, దక్షిణాన కావోష్యుంగ్, మధ్యలో 345 కిలోమీటర్లు. పాత రైల్లో నాలుగు గంటల పైమాట. హైవే పండగ రోజుల్లో కదలదు. హైస్పీడ్ రైలుకు ఇంతకన్నా అనువైన భూగోళం దొరకడం కష్టం. 1980ల చివర్లో అధ్యయనాలు మొదలయ్యాయి, 1990లో సన్నాహక కార్యాలయం పుట్టింది. కొద్దికాలానికి దాని పగ్గాలు మావో చేతికొచ్చాయి.

అప్పటి ఆలోచన ప్రభుత్వ డబ్బుతోనే కట్టడం. 1993లో శాసనసభ బడ్జెట్‌కు కత్తెర వేసి, ప్రైవేటు పెట్టుబడితో కట్టించండి అంది. దానికోసం 1994లో ఒక చట్టం కూడా చేశారు. ఇక్కడి నుంచి బీఓటీ అనే మాట తైవాన్ పత్రికల్లో రోజూ కనిపించే మాట అయింది. కట్టు, నడుపు, గడువు తీరాక అప్పగించు. ఇంతే దాని అర్థం.

రెండు బృందాలు పోటీ పడ్డాయి. ఒకటి ప్రభుత్వం వైపు నుంచి పెద్ద మొత్తం పెట్టుబడి అడిగింది. రెండోది, కాంటినెంటల్ ఇంజనీరింగ్ అధినేత్రి నీటా ఇంగ్ నాయకత్వంలోనిది, ప్రభుత్వం నుంచి మాకు సున్నా చాలు అంది. పైగా లాభంలో 10 శాతం మేమే ఇస్తాం అంది. 1997 సెప్టెంబరులో సున్నా గెలిచింది. 1998 జూలై 23న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అప్పుడు మావో అదే శాఖలో ఉప మంత్రి. నిర్ణయం ఆయన ఒక్కడిది కాదు. అయితే ఆ భవనంలో లేరనీ అనలేం.

సున్నా అన్నది నిజంగా సున్నా కాదు. మొత్తం ఖర్చు 51,330 కోట్ల తైవాన్ డాలర్లుగా తేలింది. తైవాన్ డాలరు అంటే మన మూడు రూపాయలకు కాస్త తక్కువ. ఇందులో భూసేకరణ వంటి పనుల కింద అయిదో వంతు దాకా ప్రభుత్వమే మోసింది. మిగతాది కంపెనీ తేవాలి. తెచ్చింది ఎక్కడి నుంచి? చాలా మటుకు బ్యాంకుల నుంచి. ఆ బ్యాంకులు ఊరికే ఇవ్వలేదు. 2000 ఫిబ్రవరిలో ప్రభుత్వం, కంపెనీ, బ్యాంకులు కలిసి ముక్కోణపు ఒప్పందం రాసుకున్నాయి. కంపెనీ చేతులెత్తేస్తే రైలును ప్రభుత్వం తీసుకుంటుంది, బ్యాంకుల బాకీ చూసుకుంటుంది. పూచీకత్తు అనే మాట వాడకుండా ఇచ్చిన పూచీకత్తు అది. పెళ్లి ఖర్చంతా మాదే అన్న వియ్యంకుడు, అప్పుపత్రం మీద మాత్రం అమ్మాయి తండ్రితో సాక్షి సంతకం పెట్టించుకున్నట్టు.

ఈలోగా రైలే మారిపోయింది. టెండరు గెలిచింది యూరప్ రైలు చూపించి. 1998లో జర్మనీలోని ఎషెడె దగ్గర హైస్పీడ్ రైలు ప్రమాదం జరిగింది. 1999 సెప్టెంబరు 21న తైవాన్‌లోనే భూకంపం వచ్చి రెండు వేల నాలుగు వందల మందికి పైగా చనిపోయారు. భూకంపాలకు అలవాటు పడిన జపాన్ షింకన్‌సెన్ వైపు మొగ్గు పెరిగి, ఆ డిసెంబరులో కంపెనీ జపాన్ రైలు ఎంచుకుంది. యూరప్ వాళ్లు ఊరుకోలేదు, వాళ్లకు పరిహారం కట్టాల్సి వచ్చింది. యూరప్ కొలతల సొరంగాల్లో జపాన్ రైలు నడిచే విచిత్రం తైవాన్‌కే దక్కింది. 2005 అక్టోబరులో మొదలవ్వాల్సిన రైలు వాయిదాలు పడుతూ 2007 జనవరి 5న కదిలింది.

ఈ మధ్యకాలంలో మావో అక్కడ లేరు. 2000లో ప్రభుత్వం మారింది, ఆయన టెలికాంకు వెళ్లారు. 2003లో అక్కడి నుంచి కూడా దిగి పాఠాలు చెప్పుకున్నారు. ఒక చిన్న సంగతి: టెలికాం చైర్మన్‌గా ఆయన తర్వాత వచ్చిన హోచెన్ తాన్ కూడా 2016లో రవాణా మంత్రి అయ్యారు. ఈ శాఖలో మంత్రులు, చైర్మన్లు ఒకే ఇంటి గదుల్లా ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి తిరుగుతుంటారు.

ఫంక్షన్ హాలు లెక్క

2008 మే నెలలో మా యింగ్-జియో అధ్యక్షుడయ్యాక మావో రవాణా మంత్రిగా తిరిగొచ్చారు. ప్రధాని లియు చావో-ష్వాన్ పాత పరిచయమే. 1993 నుంచి 1996 దాకా ఈ లియు రవాణా మంత్రి, మావో ఆయన కింద ఉప మంత్రి. మొదటి ఏడాది శుభవార్తలే. జూలైలో చైనాకు వారాంతపు విమానాలు, డిసెంబరు 15 నుంచి రోజువారీ విమానాలు, నేరుగా ఓడలు, నేరుగా టపా. అంతవరకూ తైపే నుంచి షాంఘై వెళ్లాలంటే ఏ హాంకాంగో, మకావోయో తిరిగి వెళ్లాల్సి వచ్చేది. ఫొటోల్లో మావో నవ్వు కనిపించే కాలం అదే అనుకుంటాను.

రైలు ఫైలు తెరిస్తే నవ్వు మాయం. రైలు బ్రహ్మాండంగా నడుస్తోంది. తైపే నుంచి కావోష్యుంగ్‌కు గంటన్నర. 2008లో మూడు కోట్ల మందికి పైగా ఎక్కారు. కానీ టెండరు నాటి అంచనాలకు ఆ సంఖ్య దరిదాపుల్లో లేదు. 2009 నాటికి కంపెనీ 10,500 కోట్ల తైవాన్ డాలర్ల మూలధనంలో మూడింట రెండు వంతులు నష్టాల్లో కరిగిపోయాయి.

జనం నిండిన రైలు, దివాలా తీస్తున్న కంపెనీ. ఇది ఎలా సాధ్యం? ఇక్కడ కాస్త ఆగి అర్థం చేసుకోవాలి, ఎందుకంటే తైవాన్ శాసనసభలో అరుపులన్నీ ఈ లెక్క చుట్టూనే.

మీరు ఒకరి స్థలం 35 ఏళ్లకు లీజుకు తీసుకుని అప్పు చేసి ఫంక్షన్ హాలు కట్టారనుకోండి. లీజు గడియారం సంతకం రోజే మొదలైంది. కట్టడానికి తొమ్మిదేళ్లు పట్టింది. మిగిలింది 26 ఏళ్లు. హాలు గట్టిగా వందేళ్లు నిలుస్తుంది, కానీ 26 ఏళ్ల తర్వాత అది మీది కాదు. కాబట్టి కట్టిన ఖర్చంతా ఆ 26 ఏళ్లలోనే తరుగుదల కింద ఖాతాలో రాసుకోవాలి. ఏటా వచ్చే పెళ్లిళ్ల డబ్బు కరెంటుకు, జీతాలకు సరిపోయి మిగులుతుంది కూడా. అయినా తరుగుదల, వడ్డీ కలిపి రాసేసరికి పుస్తకంలో నష్టమే. హాలు నిండా జనం, పుస్తకం నిండా ఎర్ర సిరా.

హైస్పీడ్ రైలుకు జరిగింది అచ్చంగా ఇదే. 1998లో మొదలైన 35 ఏళ్ల హక్కు 2033లో అయిపోతుంది. పైగా అప్పు మీద వడ్డీ రేటు ఎక్కువ. యజమానులు సొంతంగా వేసిన డబ్బు మొత్తం ఖర్చులో చాలా చిన్న ముక్క. కట్టేటప్పుడు డబ్బు చాలక కంపెనీ ప్రిఫరెన్స్ షేర్లు (మామూలు షేర్లవాళ్ల కన్నా ముందు డబ్బు దక్కే షేర్లు) అమ్మింది, ప్రభుత్వంతో సంబంధమున్న సంస్థలు కూడా డబ్బు వేశాయి. సున్నా అన్న చోటికి ప్రభుత్వ డబ్బు పక్క గుమ్మంలోంచి వచ్చి చేరింది.

2009లో మావో శాఖ చేసింది ప్రథమ చికిత్స. సెప్టెంబరులో నీటా ఇంగ్ చైర్మన్ పదవి వదిలారు. ప్రభుత్వం వైపు మనిషి, ఇంజనీరు ఔ చిన్-దె ఆ కుర్చీలో కూర్చున్నారు. తరుగుదలను ఏటా సమానంగా కాకుండా వాడకాన్ని బట్టి రాసేలా పద్ధతి మార్చారు. 2010 మొదట్లో ఎనిమిది బ్యాంకుల నుంచి 38,200 కోట్లు తక్కువ వడ్డీకి తెచ్చి పాత అప్పు తీర్చారు. రక్తం కారడం ఆగింది. ఎముక విరిగిన చోటు మాత్రం అలాగే ఉంది. 35 ఏళ్ల గడువును ఎవరూ ముట్టుకోలేదు.

ఆయన అంతకు మించి ఎందుకు వెళ్లలేదు? నా ఊహ ఇది: 2010 ఆయనకు కొండచరియల ఏడాది. ఏప్రిల్ 25న, వానా లేదు, భూకంపమూ లేదు, ఎండ కాస్తోంది. కీలుంగ్ దగ్గర మూడో నంబరు ఫ్రీవే మీదికి ఒక కొండ పక్క మొత్తం జారి వచ్చి పడింది. నలుగురు కార్లతో సహా దాని కింద పోయారు. రాతిపొరలు రోడ్డు వైపు వాలి ఉన్నచోట వాటిని పట్టి ఉంచేందుకు లోపల బిగించిన ఉక్కు కడ్డీలు తుప్పు పట్టాయని తేలింది. అక్టోబరులో తూర్పు తీరాన మెగీ తుఫాను. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం ఉండే సువా హైవే మీద చరియలు పడి పాతిక మంది దాకా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది చైనా పర్యాటకులు. ఆయన తెరిచిన విమాన దారిలో వచ్చినవాళ్లే.

సువా హైవే గొడవ అప్పటికే ఏళ్ల నాటిది. తూర్పు తీరంలోని హువాలియెన్ వాళ్లకు మంచి రోడ్డు కావాలి. పర్యావరణవాదులకు ఆ కొండలు తొలిచే కొత్త ఫ్రీవే వద్దు. దుర్ఘటన జరిగాక మధ్యే మార్గం ఒకటి నెలలోపే పర్యావరణ అనుమతి దాటింది. కొత్త ఫ్రీవే కాదు, పాత రోడ్డులో ప్రమాదమున్న ముక్కలను సొరంగాలతో, వంతెనలతో మార్చడం. పని 2011లో మొదలై 2020 జనవరిలో పూర్తయింది. మావో మంత్రిగా చేసిన పనుల్లో జనం ప్రాణాలను రోజూ కాపాడేది ఇదేనని నా అభిప్రాయం. రైలు గురించి రాసినంతగా దీని గురించి ఎవరూ రాయరు.

మూడోసారి

2013 ఫిబ్రవరిలో ఆయన ఉప ప్రధాని అయ్యారు, రవాణా శాఖ యే కువాంగ్-షికి వెళ్లింది. 2014 నవంబరు స్థానిక ఎన్నికల్లో పాలక కుమింతాంగ్ చిత్తుగా ఓడింది. ప్రధాని దిగిపోయారు. డిసెంబరు 8న మావో ప్రధాని. గెలిచిన పార్టీ కట్టిన పట్టం కాదది, మునిగే పడవలో తెడ్డు చేతికి ఇవ్వడం.

నెల తిరక్కుండానే పాత ఫైలు. ప్రిఫరెన్స్ షేర్లు కొన్నవాళ్లు కోర్టుకెళ్లి, మా డబ్బు మాకివ్వండి అని గెలుస్తున్నారు. కంపెనీ దగ్గర అంత డబ్బు లేదు. ఇంకొన్ని నెలల్లో దివాలా తప్పదని యే కువాంగ్-షి చెప్పారు. హక్కు గడువు పెంచడం, మూలధనం తగ్గించి కొత్త డబ్బు వేయడం ఆయన పథకం. 2015 జనవరి 7న శాసనసభ రవాణా కమిటీ దాన్ని తిప్పికొట్టింది. పాలక పక్ష సభ్యులు కూడా అండగా నిలవలేదు. యే ఆ రోజే రాజీనామా చేశారు.

సభ్యుల కోపంలో న్యాయం లేకపోలేదు. సున్నా అని గెలిచినవాళ్లను ప్రజల డబ్బుతో ఎందుకు ఒడ్డున పడేయాలి? చట్టం ప్రకారం దివాలా తీయనివ్వండి, రైలును ప్రభుత్వం తీసుకుంటుంది అన్నారు. వినడానికి బాగుంది. అయితే 2000 నాటి ముక్కోణపు ఒప్పందం అక్కడే కాచుకుని ఉంది. రైలుతో పాటు వేల కోట్ల బ్యాంకు బాకీ కూడా ప్రభుత్వం నెత్తిన పడుతుంది, అప్పు ఇచ్చిన బ్యాంకుల్లో ప్రభుత్వానివే ఎక్కువ. ఎడమ జేబులోంచి కుడి జేబులోకి, మధ్యలో రైలు ఆగే ప్రమాదం.

కొత్త మంత్రి చెన్ జియెన్-యు, ప్రధాని మావో మళ్లీ బేరం మొదలుపెట్టారు. మేలో సభ ఒప్పుకుంది, జూలైలో సవరించిన ఒప్పందం మీద సంతకాలయ్యాయి. అందులో తీపి, చేదు రెండూ ఉన్నాయి. మూలధనం 60 శాతం కోసేశారు, అంటే పది షేర్లున్న వాడికి మిగిలింది నాలుగు. కొత్తగా 3,000 కోట్లు వేశారు, అందులో ఎక్కువ భాగం ప్రభుత్వానిదే. ప్రభుత్వానివి, ప్రభుత్వ సంబంధ సంస్థలవి కలిపితే వాటా సగం దాటింది. హక్కు గడువు 35 ఏళ్లు పెరిగి మొత్తం 70 అయింది, 2068 దాకా. ఫంక్షన్ హాలు లెక్క గుర్తుందిగా. గడువు పెరగ్గానే ఏటా రాసే తరుగుదల బాగా తగ్గింది. ఒక్క రూపాయి కొత్త టికెట్ అమ్మకుండానే నష్టం లాభం వైపు తిరిగింది. ఆ ఏడాది డిసెంబరు 1న మియాలి, చాంగ్‌హువా, యున్లిన్ స్టేషన్లు కూడా తెరుచుకున్నాయి.

1993లో సభ వద్దన్నది ప్రభుత్వ రైలు. 2015లో అదే సభ చేతుల మీదుగా తేలింది కూడా దాదాపు ప్రభుత్వ రైలే. మధ్యలో 22 ఏళ్లు, మారిన చైర్మన్లు, ఒక మంత్రి రాజీనామా. కొందరు దీన్ని బీఓటీ వైఫల్యం అంటారు, కొందరు జపాన్ నాణ్యత రైలు దక్కింది కదా అంటారు. నాకు ఇద్దరూ సగం సగమే చెబుతున్నట్టు అనిపిస్తుంది. కట్టిన ఇంజనీర్లు తప్పు చేయలేదు, ఎక్కిన జనం మోసం చేయలేదు. తప్పంతా 1997లో సున్నా అనే అంకె చూసి మురిసిపోయిన బల్ల దగ్గరుంది. ఆ బల్ల చుట్టూ ఉన్న శాఖలోనే మావో కూడా ఉన్నారు. సరిదిద్దిన పేరు ఆయనకు ఇవ్వాలంటే, ఈ మాట కూడా పక్కనే రాయాలి.

ప్రధానిగా ఆయన పాలన పద్నాలుగు నెలలు కూడా నిండలేదు. 2015 ఫిబ్రవరి 4న ట్రాన్స్ఏషియా విమానం తైపేలో వంతెనను రాసుకుంటూ కీలుంగ్ నదిలో పడి 43 మంది చనిపోయారు. అదీ రవాణా సంగతే. 2016 జనవరి 16 అధ్యక్ష ఎన్నికల్లో ప్రతిపక్ష నేత సాయ్ ఇంగ్-వెన్ గెలిచారు, సభలో కూడా ఆమె పార్టీదే మెజారిటీ. మావో వెంటనే రాజీనామా అన్నారు. కొత్త అధ్యక్షురాలు పదవి చేపట్టేది మే 20న. నాలుగు నెలలు ఉండమని మా యింగ్-జియో కోరారు. ఈయన సెలవు పెట్టారు. జనవరి 18న అధ్యక్షుడు స్వయంగా ప్రధాని నివాసానికి వెళ్లారు, వెంట కెమెరాలు. తలుపు తెరుచుకోలేదు. మా యింగ్-జియో కాసేపు నిలబడి వెనక్కి వెళ్లిపోయారు. ఫిబ్రవరి 1న ఉప ప్రధాని సైమన్ చాంగ్ ప్రధాని అయ్యారు. హైస్పీడ్ రైలు షేరు తైవాన్ స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది ఆ అక్టోబరు 27న.